సముద్రం ఒడ్డుకు చేరిన రోమ్ శిథిలాలు

అందరికీ నమస్కారం. నేను మాట్లాడబోయేది చిత్రకారుడు క్లోడ్ లొరాన్ గీసిన రేవుల గురించి. ఫ్రాన్స్ తూర్పువైపున ఉన్న లొరేన్ ప్రాంతంలో పుట్టి, జీవితమంతా దాదాపు రోమ్‌లోనే గడిపి, 1682లో అక్కడే పోయాడు.

రోమ్‌లో ఒక గుట్ట మీద జంట బురుజుల మెడిచి భవనం ఉంది. సముద్రం అక్కడికి పాతిక కిలోమీటర్ల దూరం. 1637లో మెడిచి వంశపు కార్డినల్, అంటే పోప్ తర్వాతి స్థాయి మతాధికారి, కోసం వేసిన చిత్రంలో ఈయన ఆ భవనాన్ని తెచ్చి రేవు ఒడ్డున నిలబెట్టాడు. ముంగిట్లోనే ఓడలు! కార్డినల్ గారు మురిసిపోయే ఉంటారని నా ఊహ.

అలాగని ఇవి గాల్లోంచి పుట్టిన బొమ్మలు కావు. తెల్లవారకముందే రోమ్ శివారు పొలాల్లోకి వెళ్లి వెలుగు రంగు మారడాన్ని గమనించేవాడని ఆయన స్నేహితుడు, చిత్రకారుడు జాండ్రార్ట్ రాశాడు. ప్రాచీన రోమ్ నగరపు నడిబొడ్డయిన రోమన్ ఫోరం అప్పుడు పశువులు మేసే బీడు. స్తంభాలు సగం మట్టిలో కూరుకుపోయి ఉండేవి. చూసినవన్నీ నిజమే, వాటిని ఒకచోట చేర్చడంలోనే ఉంది కల్పనంతా.

ఇప్పుడు ఆయన కాగితం మీద గీసిన బొమ్మల పనితనం చూడండి. పక్షి ఈక కలం, గోధుమరంగు సిరా, నీళ్లు కలిపిన అదే రంగు పూత, ఇవే ముఖ్యమైన సామగ్రి. ఒక పక్కన కూలిన గుడి స్తంభాలకు పూత మీద పూత వేసి చిక్కగా చేస్తాడు. దూరం పోయేకొద్దీ పలచబరుస్తాడు. కొన్ని బొమ్మల్లో సూర్యుడున్న చోట ఏమీ ఉండదు, వట్టి కాగితమే! ఆ చీకటి స్తంభాలు పక్కన లేకపోతే ఆ కాగితం అంతలా వెలగదు. శిథిలాలు అక్కడ ఉన్నది దిగులు పుట్టించడానికని చాలామంది అంటారు. నాకు మాత్రం అవి వెలుతురు కోసమే ఉన్నాయనిపిస్తుంది.

ఆయన పేరు పెరిగాక నకళ్లు బయల్దేరాయి. దాంతో 1635 ప్రాంతం నుంచి తను వేసిన చిత్రాలకు ఒక పుస్తకంలో బొమ్మ గీసి పెట్టుకోవడం మొదలుపెట్టాడు. కొన్ని నీలం కాగితాలు, కొన్ని తెల్లవి. చాలా బొమ్మల వెనుక కొన్నవారి పేరో ఊరో ఉంటుంది. ఉన్న ఊరిని ఎవరైనా గీయొచ్చు, అది ఎవరి సొత్తూ కాదు. లేని రేవును ఇంకొకడు గీశాడంటే, దొంగిలించాడనే కదా!

1957 నుంచి ఆ బొమ్మలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, సుమారు 200. మ్యూజియం వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. పెద్దవి చేసి, ముందు ఆ బొమ్మల వెనుక వైపు చూడండి.