మణికట్టులో స్క్రూ: కరిగేదా, లోహందా?

(తెర మీద: చెయ్యి వెనకవైపు, బాగా దగ్గరగా)

మణికట్టు వెనకవైపు చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లాగి చూడండి. ఎంత పల్చగా ఉందో! దాని కిందే వేళ్లను పైకి లేపే టెండన్లు ఉంటాయి. మనం వాటినీ నరాలనే అనేస్తాం కానీ అవి నరాలు కావు, తాళ్లలాంటివి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి (మన ఇమ్యూనిటీయే మన కీళ్ల మీద దాడి చేసే జబ్బు) ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడినవాళ్లకు ఈ చర్మం ఇంకా పల్చబడుతుంది. ఇక్కడ స్క్రూ తల కాస్త పైకి తేలినా తాడు దానికి ఒరుసుకుంటుంది. ఒక్కోసారి తెగిపోతుంది కూడా.

(ఎక్స్‌రే: అరిగిపోయిన మణికట్టు)

ఇంతకీ స్క్రూ ఎందుకు? జబ్బు ముదిరి కీలు అరిగిపోతే, నొప్పి తగ్గడానికి అక్కడి ఎముకలను కలిపి అతికిస్తారు. దీన్నే ఫ్యూజన్ అంటారు. పూర్తి ఫ్యూజన్ చేస్తే మణికట్టు ఇక మడత పడదు. అరచెయ్యి తిప్పడం మాత్రం ముంజేతి ఎముకల పని, అది వేరు. ఎముకలు అతుక్కునేదాకా, అంటే సుమారు రెండు మూడు నెలలు, వాటిని కదలకుండా పట్టుకోవడమే స్క్రూ పని. తర్వాత దానికి పనేమీ లేదు.

మరి అప్పుడు అదే కరిగిపోతే బాగుండు కదా? ఈ దారిలో ముందు నడిచింది ఫిన్లండ్ వాళ్లు. 1984లో హెల్సింకిలో చీలమండ ఫ్రాక్చర్లకు కరిగే కడ్డీలు వేశారు. తర్వాత అక్కడి సర్జన్లే రుమటాయిడ్ మణికట్టు ఫ్యూజన్లకూ వాడి చూశారు.

(తెర మీద: పెరుగు గిన్నె, పక్కనే తెల్లటి స్క్రూ)

కరిగే స్క్రూల్లో ఒక రకం పాలీలాక్టిక్ యాసిడ్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. అది ఒంట్లోని నీటితో మెల్లగా విడిపోయి లాక్టిక్ యాసిడ్ అవుతుంది. పెరుగులో పులుపు కూడా అదే! చివరికి కార్బన్ డయాక్సైడ్, నీళ్లుగా బయటికి పోతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ పూర్తిగా మాయమవడానికి ఏళ్లు పడుతుంది. త్వరగా కరిగే రకం పాలీగ్లైకాలిక్ యాసిడ్. కుట్లు వేసే దారాల్లోనూ అదే వాడతారు. అది నెలా రెండు నెలల్లోనే పట్టు వదిలేస్తుంది. పైగా కొందరికి అక్కడ ద్రవం చేరి, చర్మం గుండా కారేది. సూక్ష్మజీవులు లేకపోయినా చూడ్డానికి ఇన్ఫెక్షన్‌లాగే ఉంటుంది. ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడే మనిషికి అదెంత టెన్షనో చెప్పక్కర్లేదు.

బిగించడంలోనూ తేడా ఉంది. కరిగే స్క్రూకి ఎముకలో ముందే మరలు కోసి పెట్టాలి. ఎక్కువ తిప్పితే తల ఊడొస్తుంది. ఎక్స్‌రేలో స్క్రూ కనపడదు, వేసిన కన్నం మాత్రమే కనిపిస్తుంది.

రుమటాయిడ్ ఎముక మెత్తగా ఉంటుంది కాబట్టి, మణికట్టు మొత్తం అతికించేటప్పుడు లోహపు ప్లేటో కడ్డీయో ఇచ్చే పట్టే నాకు నమ్మకం. రెండు చిన్న ఎముకలను మాత్రమే కలిపే చోట, బరువు తక్కువ కాబట్టి, కరిగేదాని గురించి ఆలోచించొచ్చు. ఎంఆర్‌ఐ గురించి భయమా? టైటానియం ఉన్నా సాధారణంగా తీస్తారు, ఆ చుట్టుపక్కల బొమ్మ మసకగా వస్తుందంతే. ముందే చెప్పడం మాత్రం మర్చిపోవద్దు.

(తెర మీద: ఎక్స్‌రే మీద వేలు)

సర్జన్ దగ్గరికి వెళ్లినప్పుడు స్క్రూ తల సరిగ్గా ఎక్కడికి వస్తుందో వేలు పెట్టి చూపించమనండి. మెథోట్రెక్సేట్ లాంటి, ఇమ్యూనిటీ తగ్గించే మందుల సంగతీ అప్పుడే అడగండి, మీ అంతట మీరు మాత్రం ఆపెయ్యకండి.