రంగు చూసి ఆగారు, కొస చూసి తేల్చారు

అందరికీ నమస్కారం. మిడతల గురించి మాట్లాడబోతున్నానంటే మా ఇంట్లోవాళ్లే నవ్వారు. "మళ్లీ దండు వస్తోందా ఏమిటి?" అన్నారు. వాళ్ల తప్పేం లేదు. 2020 వేసవిలో ఎడారి మిడతలు మహారాష్ట్ర దాకా వచ్చేసరికి, ఆదిలాబాద్ వైపు తిరుగుతాయేమోనని అందరం టెన్షన్ పడ్డాం. ఈరోజు చెప్పబోయేది ఆ దండు మిడత కాదు. మెక్సికోలో ఒక కొండ అడవిలో దొరికిన మిడత.

దక్షిణ మెక్సికోలో వహాకా అని ఒక రాష్ట్రం ఉంది. వెల్లుల్లి, నిమ్మరసం, ఉప్పు పట్టించి మిడతల్ని వేయించుకు తినే ఊళ్లు. సంతలో బుట్టల్లో పోసి అమ్ముతారు. మిడతను ఇంత దగ్గరగా ఎరిగిన జనం ఉన్న చోట కొత్త మిడత దొరకడమేమిటని మీకు అనిపించాలి. నాకైతే అనిపించింది. పైగా అది దొరికింది కాలు పెట్టలేని కీకారణ్యంలో కూడా కాదు. సియెర్రా మాద్రె డెల్ సుర్ కొండల్లో, పైన్, ఓక్ చెట్ల మధ్య వెళ్లే రోడ్డు పక్కన. 2011లో కీటక శాస్త్రవేత్త హోజున్ సాంగ్ బృందం కంట పడింది. ఒంటినిండా రంగులు. చూడకుండా దాటిపోవడం కష్టం.

2014లో నలుగురు శాస్త్రవేత్తలు జూటాక్సా పత్రికలో దానికి పేరు పెట్టారు: లిలాడౌన్సియా ఫ్రైలే. జాతి ఒక్కటే కాదు, ప్రజాతి, అంటే దగ్గరి జాతుల్ని కలిపి ఉంచే గుంపు, కూడా కొత్తదే. అంటే అప్పటికే ఉన్న ఏ ఇంట్లోనూ ఇమడక, దానికంటూ వేరే ఇల్లు కట్టాల్సి వచ్చింది. లిలా డౌన్స్ అదే వహాకాలో పుట్టిన గాయని. తల్లి మిష్టెక్ తెగకు చెందిన మనిషి. కచేరీల్లో ఆమె కట్టే స్థానిక నేత బట్టల రంగులు, ఈ మిడత రంగులు చూసి ఆ పేరు పెట్టారు. నాకు ఈ పేరు నచ్చింది. సంబంధం లేని దొరగారి పేరు తగిలించడం కన్నా ఎంతో నయం.

పట్టుకున్నది 2011లో, పేరొచ్చింది 2014లో. ఈ మధ్యలో జరిగే పని గురించే అసలు నేను మాట్లాడాలనుకున్నది. పేపర్లో "కొత్త మిడతను కనుగొన్నారు" అని ఒక్క లైను వేస్తారు. పట్టుకోవడం కనుగొనడం కాదు. పాత వర్ణనలన్నీ తిరగేసి, మ్యూజియంలలోని నమూనాల పక్కన పెట్టి, ఇది వాటిలో ఏదీ కాదని రాతలో చూపించినప్పుడే కనుగొన్నట్టు.

ఆ రాతలో రంగు మీద ఎక్కువ ఆశ పెట్టుకోలేం. చచ్చిన మిడత రంగు నిలవదు. కడుపులోని ఆకు పసరు తీసెయ్యకపోతే నాలుగు రోజుల్లో ఒళ్లంతా నల్లబడుతుంది. అందుకే మిడతల వాళ్లు మగదాని పొట్ట కొస చూస్తారు. అక్కడ చిన్న కొక్కేల్లాంటి జత ఒకటి, లోపల జననాంగం. కొసను పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెడితే కండ కరిగి గట్టి భాగాలు మాత్రం మిగులుతాయి. వాటిని మైక్రోస్కోప్ కింద పెట్టి, ఒక్కో వంపూ బొమ్మ గీస్తారు. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు మిడతలకు అక్కడ వేర్వేరు ఆకారాలు ఉండొచ్చు. చివరికి ఒకే ఒక్క నమూనాను హోలోటైప్‌గా ఎంచి, చీటీ కట్టి మ్యూజియంలో ఉంచుతారు. రేపు ఎవరికి అనుమానం వచ్చినా దాని దగ్గరికే వెళ్లాలి.

ఈ లిలాడౌన్సియా సాల్వియా మొక్కలనే తింటుందేమో అని కూడా ఆ వ్యాసంలో రాశారు. "తింటుంది" అనలేదు, "కావచ్చు" అన్నారు. ఆ జాగ్రత్త గమనించండి. సాల్వియా అంటే ఎక్కడిదో అనుకోకండి. బరువు తగ్గాలని పొద్దున్నే నీళ్లలో నానబెట్టుకుంటున్నారే, ఆ చియా గింజలు ఒక సాల్వియావే. మన తులసి కూడా ఆ కుటుంబమే.

ఇక నా సంగతి ఒకటి చెప్పాలి. కొత్తగా పాఠాలు చెబుతున్న రోజుల్లో ఒక కొండవాలున పొట్టి రెక్కల మిడత దొరికింది. కొండ అడవుల్లో రెక్కలు కురచబడ్డ మిడతలు చాలానే ఉంటాయి. ఎగరలేవు కాబట్టి ఒక్కో కొండ మీదా విడిపోయి వేరే జాతులవుతాయి. తూర్పు ఆఫ్రికా కొండల్లో ఇలాంటివి ఎన్నో. ఇంకేముంది, నాకూ ఒకటి దొరికిందనుకున్నాను. రెండు రాత్రులు నిద్ర లేదు. పేరు కూడా ఆలోచించుకున్నాను, అది మాత్రం చెప్పను. మా గురువుగారు భూతద్దం పెట్టి చూసి, "పిల్లరా ఇది, ఇంకో కుబుసం విడిస్తే రెక్కలొస్తాయి" అన్నారు.

ఆయన చూసింది చాలా చిన్న విషయం. ఎదిగిన మిడతకు ముందు రెక్క పైన, వెనక రెక్క కింద ఉంటాయి. రెక్కలు పొట్టివైనా అంతే. ఎదిగే పిల్లలో, చివరి దశల్లో, రెక్క మొగ్గలు తిరగబడి ఉంటాయి. వెనకది పైకొచ్చి ముందుదాన్ని కప్పుతుంది. అంతే తేడా. అది తెలియక నేను కాస్తలో ఒక "కొత్త జాతి"ని లోకం మీదికి వదిలేవాణ్ణి.

బల్ల మీద రెండు డబ్బాలు పెట్టాను. పొద్దున వస్తూ రోడ్డు పక్క జిల్లేడు చెట్టు నుంచి పట్టుకొచ్చినవి. ఒకదాంట్లో పసుపు, నీలం చారల పెద్ద మిడత ఉంది. వహాకా వాళ్లు వేయించుకు తినే మిడతదీ దీనిదీ ఒకే కుటుంబం. అలాగని దీన్ని వేయించకండి, ఇది తినేది జిల్లేడు. రెండో డబ్బాలో దాని పిల్లలున్నాయి. భూతద్దాలు వరసకొకటి ఇస్తున్నాను. ఏ రెక్క పైన ఉందో చూసి చెప్పండి. పిల్లల డబ్బా మూత తీసేటప్పుడు మాత్రం మొహం దగ్గర పెట్టుకోకండి, ముట్టుకుంటే ద్రవం చిమ్ముతాయి.