అది దంతం కాదండీ, ఎముక!

ఈ ఓడ బొమ్మ చూడండి. మూడు స్తంభాలు, రెండు వరుసల ఫిరంగులు, సాలెగూడులాంటి తాళ్లు. చూసినవారంతా “ఏనుగు దంతంతో ఎంత బాగా చెక్కారో!” అంటారు. దంతం కాదండీ, ఎముక. భూతద్దం పెడితే సన్నని నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి ఒకప్పుడు రక్తనాళాలు నడిచిన దారులు. దంతంలో అవి ఉండవు.

ఆ ఎముక ఖైదీల కూటిలోది. 1793 నుంచి 1815 వరకు, మధ్యలో కొద్ది విరామంతో, బ్రిటన్‌కూ ఫ్రాన్స్‌కూ యుద్ధం. పట్టుబడిన ఫ్రెంచివారి కోసం 1797లో ఇంగ్లండ్‌లోని పీటర్‌బరో దగ్గర నార్మన్ క్రాస్‌లో పెద్ద శిబిరం కట్టారు. మాంసం తిన్నాక మిగిలిన ఎముకలను ఉడికించి, అరగదీసి, చెక్క మీద పలకలుగా బిగించి ఇలాంటి ఓడలు చేశారు. శిబిరం ద్వారం దగ్గర సంతలో అమ్ముకున్నారు. గడ్డి జడలల్లి అమ్మితే మాత్రం నేరం! టోపీలకు గడ్డి అల్లే స్థానికుల పొట్ట కొడుతున్నారట.

ఇక నాకు ఒళ్లు మండే మాట: “కొలతలు తప్పు.” స్తంభాలు మరీ పొడవు, ఓడ మరీ సన్నం అని కొందరు ముఖం చిట్లిస్తారు. అమ్మమ్మ ఎదురుగా లేనప్పుడు ఆమె బొమ్మ గీయండి. కళ్లజోడు, ముక్కుపుడక చక్కగా కుదురుతాయి. నుదురు ఎన్ని అంగుళాలో మీకేం తెలుసు? ఖైదీ దగ్గర నక్షా లేదు. అతనిదీ అమ్మమ్మ బొమ్మే. ఏ తాడు ఎక్కడ ముడిపడుతుందో అతని చేతులకు తెలుసు, అది ముక్కుపుడక. నీటి కింద ఓడ ఎలా వంపు తిరుగుతుందో నావికుడు ఎన్నిసార్లు చూసి ఉంటాడు? అది నుదురు. స్తంభాలంటారా, వాటిని ఎక్కినవాడికి అవి పొడవుగానే గుర్తుంటాయి మరి!

సమయం అయిపోతోంది, గబగబా చెబుతాను. ఫ్రెంచివాడు చేసిన ఓడ మీద ఇంగ్లిష్ పేరు ఉంటే కంగారు పడకండి, కొనేవాడు ఇంగ్లిష్‌వాడు. తాళ్లను చూసి వయసు లెక్కకట్టకండి, పాతవి చీకిపోతే తర్వాతివారు మార్చేస్తారు. నీళ్లతో అసలే కడగకండి.

ఆ, వెనకవైపు వేలాడే ఈ రెండు దారాలు! తెగిన పోగులనుకుని కత్తిరించేరు. మెల్లగా లాగుతున్నాను... ఫిరంగులన్నీ లోపలికి వెళ్లాయా? ఇప్పుడు వదులుతున్నాను, చూడండి.