ఆ బేస్ ఎవరు వాయిస్తున్నారు?

వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి. ఇవాళ పెట్టబోయేది ఒక జాజ్ రికార్డు, అందులో వినాల్సిందంతా కింది స్వరాల్లో, అంటే బేస్‌లో ఉంది, దూరంగా కూర్చుంటే సరిగ్గా అందదు.

1957 నవంబర్ 15. న్యూయార్క్ హార్లెమ్‌లో స్మాల్స్ ప్యారడైజ్ నైట్‌క్లబ్, 1925లో పెట్టింది. ఆ రాత్రి స్టేజీ మీద ముగ్గురే: ఆర్గన్ మీద, అంటే చేతులకీ కాళ్లకీ మెట్లుండే పెద్ద వాద్యం మీద జిమ్మీ స్మిత్, గిటార్ ఎడ్డీ మెక్‌ఫాడెన్, డ్రమ్స్ డొనాల్డ్ బెయిలీ. రికార్డు చేసింది రూడీ వాన్ గెల్డర్. ఆయన పగలు కళ్లు పరీక్ష చేసి అద్దాలు రాసిచ్చేవాడు, మామూలుగా అయితే అమ్మానాన్నల ఇంటి హాల్లోనే రికార్డింగులు చేసేవాడు. బ్లూ నోట్ రికార్డు కంపెనీ ఆ రాత్రి కచేరీని రెండు ఎల్పీ రికార్డులుగా తెచ్చింది.

నేను మొదటిసారి విన్నప్పుడు బేస్ వాయించినాయన పేరు కోసం అట్ట అటూ ఇటూ తిప్పి వెతికాను. లేదు. ఎందుకంటే బేస్ కూడా జిమ్మీ స్మిత్తే, ఎడమచేత్తో! కాళ్ల దగ్గరుండే అడుగు మెట్లను పాదంతో అలా తట్టి వదిలేస్తూ ఆ స్వరానికి దెబ్బ తెస్తాడు. మన పద్యనాటకాల్లో కాళ్లతో తొక్కే హార్మోనియం చూసినవాళ్లుంటారు ఇక్కడ, అక్కడ కాళ్లు గాలి కోసం, ఇక్కడ కాళ్లు కూడా సంగీతం కోసమే.

స్మిత్ వాయించే ఈ హామండ్ ఆర్గన్‌లో గాలి అసలు లేదు. లోపల 91 చిన్న పళ్లచక్రాలు మోటారుతో తిరుగుతుంటాయి, ఒక్కో చక్రం పక్కన తీగ చుట్టిన అయస్కాంతం, పన్ను దాటినప్పుడల్లా కరెంటు కదులుతుంది, అదే స్వరం. 1935లో లారెన్స్ హామండ్ దీన్ని బజారులోకి తెచ్చి, గొట్టాల్లోకి గాలి పంపి మోగించే పైప్ ఆర్గన్ కొనలేని చర్చిలకు అమ్మాడు. ఒక్క మెట్టు నొక్కితే తొమ్మిది కాంటాక్టులు కలవాలి, అవన్నీ ఒకే క్షణంలో కలవవు కాబట్టి మొదట్లో 'టిక్' మని చిన్న శబ్దం వస్తుంది. కంపెనీ దాన్ని లోపమనుకుని తీసేయాలని చూసింది, జాజ్ వాళ్లకేమో అదే ప్రాణం! పియానోలో స్వరం కొట్టగానే కరిగిపోవడం మొదలవుతుంది, ఇక్కడ వేలు ఉన్నంతసేపూ అలాగే నిలబడుతుంది, అలాంటి వాద్యానికి నడక రావాలంటే ఆ 'టిక్' ఉండాల్సిందే అని నా గట్టి నమ్మకం.

స్మిత్ ఇది ఊరికే నేర్చుకోలేదు. ఫిలడెల్ఫియాలో ఒక గోదాములో ఆర్గన్ పెట్టుకుని, అడుగు మెట్ల బొమ్మ గీసి గోడకు అంటించి, కిందకి చూడకుండా కాళ్లు ఆడేదాకా నెలల తరబడి సాధన చేశాడు. ఆ తర్వాత 1956 జనవరిలో బ్లూ నోట్‌కి చెందిన ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఆయన్ని మొదటిసారి విన్నది ఎక్కడనుకున్నారు? ఇదే స్మాల్స్‌లో. అంటే రెండేళ్లు తిరక్కుండానే అదే గదికి టేపు మిషన్ తీసుకుని మళ్లీ వెళ్లారన్నమాట. నాకు ఈ రికార్డు మీద ఇంత ఇష్టం ఉండడానికి అదీ ఒక కారణం.

ఇప్పుడు పెడుతున్నాను. కుడిచేతి హడావుడి మీద దృష్టి పెట్టకండి, అది ఎలాగూ వినపడుతుంది. గిటార్ సోలో వచ్చేదాకా ఆగండి, అప్పుడు ఆర్గన్ వెనక్కి తగ్గినట్టే అనిపిస్తుంది, కానీ కింద ఆ ఎడమచెయ్యి మాత్రం నడుస్తూనే ఉంటుంది, దాని వెంట వెళ్లండి.