హార్బర్ పిల్లి ఒంటి మీది రంగులు

శ్రోతలకు నమస్కారం.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నాకొక పిల్లితో పరిచయం ఉంది. తెల్లటి ఒంటి మీద నలుపు, నారింజ మచ్చలు. ఎడమ చెవి నలుపు, కుడి చెవి నారింజ. చేపలమ్మే ఒకావిడను "ఇది ఆడదేనా?" అని అడిగితే, "మూడు రంగులుంటే ఆడదే బాబూ, అడగాలా?" అంది. ఎక్కడో అరుదైన మగపిల్లిని వదిలేస్తే, ఆవిడ మాట అక్షరాలా నిజం.

ఎందుకో తెలియాలంటే కణంలోకి తొంగిచూడాలి.

మన ఒక్కో కణంలో డీఎన్‌ఏ పొడవు సుమారు 2 మీటర్లు. అది పట్టాల్సిన కేంద్రకం చాలా కణాల్లో మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. గట్టు మీద వల సర్దేవాళ్లను చూడండి. ఉత్తినే కుక్కేయరు, ముందు నీళ్లలోకి దిగాల్సిన కొస పైకి ఉండేలా మడతలు వేస్తారు. కణం పనీ అలాంటిదే. హిస్టోన్లు అనే ప్రొటీన్లు ఎనిమిది కలిసి ఒక ఉండ అవుతాయి. దాని చుట్టూ డీఎన్‌ఏ ఒకటిన్నర చుట్టుకు పైగా, 147 జతల రసాయన అక్షరాల మేర, చుట్టుకుంటుంది. ఈ చుట్టలు, మడతలు అన్నీ కలిపి క్రోమాటిన్.

చుట్ట బిగిస్తే అందులోని జన్యువును చదివే యంత్రాంగానికి చోటు దొరకదు. హిస్టోన్ల తోకలకు ఎసిటైల్ అనే చిన్న రసాయన ముక్క తగిలిస్తే పట్టు సడలుతుంది, జన్యువు పనిలోకి దిగుతుంది. కాలేయంలోనూ కంటిలోనూ ఉన్నవి అవే జన్యువులు. ఎక్కడ ఏ మడత విప్పి ఉందన్నదే తేడా.

మడతకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. వేళ్ల పెరుగుదలను నడిపే ఒక జన్యువుకు స్విచ్ లాంటి డీఎన్‌ఏ ముక్క మనుషుల్లో సుమారు 10 లక్షల అక్షరాల అవతల ఉంటుంది. మడత పడితేనే రెండూ దగ్గరవుతాయి. ఆ స్విచ్‌లో ఒక్క అక్షరం మారినా అదనపు వేలు మొలవవచ్చు. ఆరు వేళ్ల పిల్లులు కొన్నింటి కథ కూడా ఇదే!

సరే, మన పిల్లి దగ్గరికి వద్దాం. నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ అనే డీఎన్‌ఏ చుట్ట మీద ఉంటుంది. ఆడపిల్లికి ఎక్స్‌లు రెండు, మగపిల్లికి మామూలుగా ఒక్కటే. మూడు రంగుల పిల్లికి ఒకదాని మీద నారింజ, రెండోదాని మీద నలుపు. పిండం దశలోనే ఒక్కో కణం ఏదో ఒక ఎక్స్‌ను గట్టిగా బిగించి మూల పడేస్తుంది. ఆ కణం సంతతి అంతా అదే పద్ధతి. అందుకే మచ్చలు. తెలుపు మాత్రం వేరే జన్యువు పని. బిగిసిన ఆ ఎక్స్‌ను నల్లటి చుక్కలాగా 1949లో బార్, బెర్ట్రామ్ అనే శాస్త్రవేత్తలు చూసింది కూడా ఆడపిల్లుల నాడీకణాల్లోనే. దాని అర్థం 1961లో జన్యుశాస్త్రవేత్త మేరీ లయన్ చెప్పారు, ఎలుకల రంగులు చూసి.

2001లో అమెరికాలో ఇలాంటి మూడు రంగుల పిల్లికి క్లోన్ పుట్టించారు. కేంద్రకంలోని జన్యువులన్నీ ఆ పిల్లివే. కూన ఒంటి మీద నారింజ మచ్చ ఒక్కటీ లేదు.

మొన్న మా హార్బర్ పిల్లి ఈనింది. పాత వల మడతల్లో నాలుగు కూనలు. ఒకదానికి మూడు రంగులూ వచ్చాయి. కాకపోతే దానికి కుడి చెవి నలుపు.