పస్తును బట్టి పండుగ

సభకు నమస్కారం.

ఈస్టర్ దగ్గరపడగానే మన నగరాల్లో బేకరీ అద్దాల వెనక రంగురంగుల గుడ్లు కనిపిస్తాయి. సమాధి నుంచి క్రీస్తు లేచిన రోజుకూ కోడిగుడ్డుకూ సంబంధమేమిటని అడిగితే, పెంకు సమాధికి గుర్తనీ, అది పగలడం పునరుత్థానానికి గుర్తనీ చెబుతారు. అర్థం బాగానే ఉంది గాని, అది తరువాత చెప్పుకున్న అర్థమని నా అభిప్రాయం. అసలు సంగతి పెరట్లో ఉంది. మధ్యయుగపు ఐరోపాలో ఈస్టర్‌కు ముందు నలభై రోజులూ మాంసంతోపాటు గుడ్లు కూడా నిషిద్ధం. ఆ నిషేధం మనుషులకే గాని కోళ్లకు లేదు. అవి పెడుతూనే ఉంటాయి. వసంతకాలం గనుక మరికాస్త ఎక్కువే పెడతాయి. అలా పోగుపడ్డ గుడ్లను ఉడకబెట్టి, రంగులద్ది, ఉపవాసం విడిచిన రోజున పంచిపెట్టడం తప్ప ఆ ఇల్లాలికి వేరే దారి ఏముంది? ఏ దేశంలో ఈస్టర్ ఎలా జరుగుతుందో తెలుసుకోవాలంటే, అక్కడివారు ముందు ఎన్నాళ్లు, ఏమేమి మానుకున్నారో చూడాలన్నదే ఈరోజు నేను చెప్పదలచుకున్న మాట.

ఈ లెక్కన ముందుగా చెప్పుకోవలసినది ఇథియోపియా. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు యాభై అయిదు రోజులు మాంసం, పాలు, నెయ్యి, గుడ్లు ముట్టరు. ఇంజెరా అనే పుల్లటి పెద్ద అట్టు, దానిమీద పప్పు, కూరలు, అంతే. పండుగ పేరు ఫాసికా. శనివారం రాత్రి తెల్లని నూలు వస్త్రాలు కప్పుకుని గుడికి వెళ్లినవారు గంటల తరబడి నిలబడే ప్రార్థన చేసి, ఆదివారం తెల్లవారకముందే ఇళ్లకు వస్తారు. అప్పటికి పొయ్యిమీద డోరో వాట్, అంటే కోడికూర, సిద్ధంగా ఉంటుంది. ముందు ఉల్లిపాయ ముక్కలను నూనె చుక్క లేకుండా సన్నని సెగమీద చాలాసేపు మగ్గనిచ్చి, అవి ముద్దయ్యాక సుగంధద్రవ్యాలు వేసి కాచిన నెయ్యి, బెర్బెరె అనే ఎర్రకారం కలుపుతారు. ఆచారం ప్రకారం కోడిని పన్నెండు ముక్కలు చేస్తారు. చివర ఉడికించిన గుడ్లను అందులోనే వేస్తారు. యాభై అయిదు రోజులు మానుకున్న నెయ్యి, మాంసం, గుడ్డు మూడూ ఒకే గిన్నెలో తిరిగి వస్తాయన్నమాట.

గ్రీసు దేశంలో ఈ ఘట్టం అర్ధరాత్రి జరుగుతుంది. పన్నెండుకు కొద్ది ముందు గుడిలో దీపాలన్నీ ఆర్పేస్తారు. ఆ చీకట్లో గురువు ఒక్క కొవ్వొత్తితో బయటికి వచ్చి, వెలుగు పుచ్చుకోండని పిలుస్తాడు. ఒకరి కొవ్వొత్తి నుంచి మరొకరు అంటించుకుంటూ ఉండగా ఆ వెలుగు గుడి దాటి వీధిలోకి పాకుతుంది. ‘క్రిస్తోస్ అనెస్తి’, క్రీస్తు లేచెను అనే కీర్తన మొదలవుతుంది. ఆ జ్యోతిని ఆరిపోకుండా ఇంటికి తెచ్చి, దాని మసితో గడప పైకమ్మిమీద సిలువ గుర్తు వేస్తారు. ఆ తరువాత మగిరిట్సా, అంటే గొర్రెపిల్ల పేగులు, కాలేయం, ఆకుకూరలు వేసి, గుడ్డు, నిమ్మరసం కలిపి కాచిన పులుసు. ఆదివారం కాల్చబోయే గొర్రెపిల్లలో ఏదీ వృథా పోకూడదన్న గృహిణి తెలివి ఇందులో ఉంది. ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర గురువారం నాడే ఎర్రరంగు వేసి ఉంచిన గుడ్లను అప్పుడు బయటికి తీస్తారు. ఒకరి గుడ్డును మరొకరు తమ గుడ్డుతో కొడతారు. ఎవరి గుడ్డు పగలకుండా మిగిలితే వారికి ఆ ఏడాదంతా అదృష్టమే.

ఈ రెండు దేశాల పండుగ తరచుగా మన ఈస్టర్ రోజున రాదు. 325లో నైసియాలో జరిగిన మహాసభ అన్ని సంఘాలూ ఒకే ఆదివారం పండుగ చేయాలని తీర్మానించింది. వసంత విషువత్తు, అంటే వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, తరువాత వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారమన్నది స్థిరపడిన లెక్క. అయితే 1582లో పోపు గ్రెగరీ పంచాంగాన్ని సంస్కరించాక తూర్పు సంఘాల్లో ఎక్కువ భాగం పాత జూలియన్ లెక్కనే ఉంచుకున్నాయి. 2024లో మనకు మార్చి 31న వస్తే వారికి మే 5న వచ్చింది. 2025లో ఇద్దరికీ ఏప్రిల్ 20నే కుదిరింది. ఏ పండుగ ఏ తిథిన చేయాలో రెండు పంచాంగాలు రెండు రకాలుగా చెప్పడం అలవాటైన మనకు ఇది కొత్తగా అనిపించదు.

ఇక పండుగ వద్దన్నవారి సంగతి. 1522లో జ్యూరిక్ నగరంలో ఫ్రోషవర్ అనే ముద్రాపకుడి ఇంట్లో, ఉపవాస దినాల్లో, కొందరు కలిసి సాసేజీ ముక్కలు తిన్నారు. అక్కడే ఉన్న మతసంస్కర్త జ్వింగ్లీ తాను తినలేదు గాని, ఉపవాసం మనుషులు పెట్టిన కట్టుబాటే తప్ప దేవుడి ఆజ్ఞ కాదని తరువాత బోధించాడు. లూథరన్లు, ఆంగ్లికన్లు ఈస్టర్‌ను నిలుపుకున్నారు. కాని జ్వింగ్లీ తర్కాన్ని చివరిదాకా లాగినవారికి పండుగ కూడా మనుషుల కట్టుబాటుగానే కనిపించింది. 1647లో ప్యూరిటన్లనే కఠిన సంస్కరణవాదుల ప్రాబల్యంలో ఉన్న ఇంగ్లండ్ పార్లమెంటు క్రిస్మస్, ఈస్టర్‌లను రద్దు చేసి, సెలవులు పోగొట్టుకున్న పనివాళ్లకు బదులుగా ప్రతి నెలా రెండో మంగళవారం విశ్రాంతినిచ్చింది. 1660లో అక్కడ రాచరికం తిరిగి రాగానే పండుగలూ వచ్చేశాయి.

ఈ వాదన మనకు దూరపుది కాదు. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు వచ్చి నరసాపురం ప్రాంతంలో ప్రారంభించిన గోదావరి డెల్టా మిషన్ బ్రదరెన్ సంప్రదాయానికి చెందినది. ప్రతి ఆదివారం రొట్టె విరిచి ప్రభువును జ్ఞాపకం చేసుకునే ఆ సంప్రదాయంలో చాలామంది, ప్రతి ఆదివారమూ పునరుత్థాన దినమే అయినప్పుడు ఏడాదికొక్క రోజు ప్రత్యేకంగా ఎందుకని అడుగుతారు. జవాబు చెప్పడం అంత తేలిక కాదు.

పక్కనున్న కేరళలో సిరియన్ క్రైస్తవులు యాభై రోజుల నోము పట్టి, పవిత్ర గురువారం రాత్రి పులియని పెసహా అప్పం చేసుకుంటారు. ఈస్టర్‌కు ముందు ఆదివారమైన మట్టల ఆదివారం గుడి నుంచి తెచ్చిన ఆకుతో దానిమీద సిలువ గుర్తు పెడతారు, ఇంటి పెద్ద దాన్ని కోసి అందరికీ పంచుతాడు. ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే ఆ ఇంట అప్పం చేయరు; బంధువులో ఇరుగుపొరుగువారో తెచ్చి ఇస్తారు. ఏటిసూతకం తెలిసిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

తెలుగు క్రైస్తవుల దగ్గరికి వచ్చేసరికి నా లెక్క కొంత తప్పుతుందని ఒప్పుకోవాలి. శ్రమల దినాల్లో, అంటే ఈస్టర్‌కు ముందు ఉపవాస కాలంలో, మాంసం మానేవారు మనలోనూ ఉన్నారు, ఉపవాస ప్రార్థనలూ జరుగుతాయి. కాని మన ఊళ్లలో ఈస్టర్ వంటింట్లో మొదలు కాదు, సమాధుల తోటలో మొదలవుతుంది. పండుగకు ముందే ముళ్లకంపలు కొట్టి, పిచ్చిగడ్డి పీకి, సమాధులకు సున్నం వేస్తారు. చెరిగిపోయిన పేర్లమీద మళ్లీ రంగు దిద్దుతారు. ఆదివారం ఇంకా చీకటి ఉండగానే బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని కుటుంబాలు వచ్చి, తమవారి తలాపున దీపం వెలిగించి కూర్చుంటాయి. గాలికి కొవ్వొత్తి ఆరితే పక్క సమాధి దగ్గరివారు అంటించి ఇస్తారు. తూరుపు తెల్లబడే వేళకు పాస్టరు గారు ‘క్రీస్తు లేచెను’ అంటే, సమాధుల మధ్య కూర్చున్నవారంతా ‘నిజముగా లేచెను’ అంటారు. కోడికూర సంగతి ఆ తరువాత, ఇంటికి వెళ్లాక.