చిన్న ట్రావెల్ ట్రెయిలర్‌లో తుపాకీ ఎక్కడ పెట్టాలి? మూడు రకాల లాక్ బాక్సుల రివ్యూ

నమస్కారం అండీ. పదహారు, పద్దెనిమిది అడుగుల చిన్న ట్రావెల్ ట్రెయిలర్ తగిలించుకుని అమెరికాలో క్యాంపింగ్‌కి వెళ్తున్నారు, వెంట తుపాకీ ఉంది. రాత్రి పడుకున్నప్పుడు, పగలు మీరు చెరువు గట్టున ఉన్నప్పుడు అది ఎక్కడ ఉండాలి? ఇవాళ దానికోసం మూడు రకాల పెట్టెలు టేబుల్ మీద పెట్టాం.

పెట్టెల కంటే ముందు వీసా సంగతి. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌ని అడిగే తేల్చుకోండి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి ఈ నిషేధం లేదు. ఇంకో విషయం: తుపాకీ ఫ్రెండ్‌దే అయినా, పెట్టె కోడ్ మీకూ తెలిస్తే అది మీ స్వాధీనంలో ఉన్నట్టే అని వాదించే వీలుంది. అందుకని గుంపుగా క్యాంపింగ్‌కి వెళ్లినప్పుడు వీసా మీద ఉన్నవాళ్లకి కోడ్ చెప్పొద్దు, తాళంచెవి ఇవ్వొద్దు. వాళ్ల మేలు కోసమే.

ఇప్పుడు మీ ట్రెయిలర్ బయటి స్టోరేజ్ తలుపు తాళంచెవి ఒకసారి చేతిలోకి తీసుకోండి. దాని మీద సీహెచ్ 751 అని ఉందా? చాలా ట్రెయిలర్లకి అదే ఉంటుంది. అదే నంబర్ తాళంచెవి ఎవరైనా ఆన్‌లైన్‌లో కొన్ని డాలర్లకి కొనుక్కోవచ్చు, మీ తలుపు కూడా తెరుచుకుంటుంది. లోపలి అల్మారాలు పల్చటి ప్లైవుడ్‌కి స్టేపుల్స్ కొట్టి చేసినవి, చేత్తో గట్టిగా లాగితే ఊడొస్తాయి. అంటే ట్రెయిలర్ తనంతట తాను దేనికీ రక్షణ కాదు. పెట్టె ఎంత గట్టిదో, దాన్ని దేనికి బిగించామో, ఈ రెండే లెక్క.

మొదటిది తాళంచెవితో తెరిచే కేబుల్ పెట్టె. రేకు 16 గేజ్, అంటే సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. చవక, తేలిక. పిల్లల చేతికి అందకుండా ఉంచడానికి పనికొస్తుంది. దొంగకి మాత్రం కాదు, ఎందుకంటే పావు అంగుళం కేబుల్‌ని మామూలు బోల్ట్ కట్టర్ క్షణాల్లో కత్తిరించేస్తుంది. కొందరు ఆ కేబుల్‌ని డైనింగ్ టేబుల్ కాలికి చుడతారు. ఆ కాలు పైకి లాగితే సాకెట్‌లోంచి వచ్చేస్తుంది, కేబుల్ కత్తిరించే పని కూడా ఉండదు.

రెండోది వేలిముద్ర పెట్టె. ఇంట్లో పడక పక్కన పెట్టుకుంటే మంచిదే, ట్రెయిలర్‌లో మేం సిఫార్సు చేయం. సన్‌స్క్రీన్ రాసుకున్న వేలు, తడి వేలు, మంట దగ్గర మసి అంటిన వేలు: సెన్సర్ వీటిని సరిగ్గా చదవదు. దానికి తోడు బ్యాటరీ. ఆల్కలైన్ బ్యాటరీలకి తయారీదారులు చెప్పే గరిష్ఠ ఉష్ణోగ్రత సుమారు 54 డిగ్రీల సెల్సియస్. టెక్సస్ ఎండలో మూసి ఉంచిన ట్రెయిలర్ ఆ దరిదాపులకి వెళ్తుంది, బ్యాటరీ కారి కాంటాక్టులు పచ్చబడతాయి. చలికాలం గడ్డకట్టే రాత్రుల్లో అవే బ్యాటరీల శక్తి పడిపోతుంది. ఇప్పటికే కొనేసి ఉంటే, విడి తాళంచెవి ట్రెయిలర్‌లో కాకుండా మీ జేబులో ఉంచుకోండి. సీజన్ మొదట్లో బ్యాటరీలు మార్చండి.

మూడోది ఇదీ, మెకానికల్ బటన్ల పెట్టె. ఫోర్ట్ నాక్స్ పిస్టల్ బాక్స్ ఈ కోవలోదే. రేకు 10 గేజ్, సుమారు 3.4 మిల్లీమీటర్లు. మూత అంచు దగ్గర వేలు పెట్టి చూడండి, స్క్రూడ్రైవర్ దూరేంత సందు లేదు. పైన ఐదు బటన్లున్న సింప్లెక్స్ తాళం, బ్యాటరీ లేదు. ఒక్కో బటన్‌ని కోడ్‌లో ఒక్కసారే వాడాలి, రెండు బటన్లు కలిపి కూడా నొక్కొచ్చు. ఐదు బటన్లకి మొత్తం 1,082 కాంబినేషన్లు. ఈ రకం తాళాలకి ఫ్యాక్టరీ కోడ్ మామూలుగా 2, 4 కలిపి నొక్కి ఆ తర్వాత 3. అందరికీ తెలిసిన కోడ్ అది, కొన్న రోజే మార్చేయండి. మార్చాక మూత తెరిచి ఉంచే మూడు నాలుగుసార్లు కోడ్ కొట్టి గొళ్లెం కదులుతోందో లేదో చూసుకోండి. మూత వేశాక పొరపాటు తెలిస్తే తాళం పనివాడిని పిలవాల్సిందే. దీని లోటు బరువు. ఇరవై పౌండ్ల దరిదాపుల్లో ఉంటుంది. అయినా మా ఓటు దీనికే.

బిగించడం దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. చెక్క స్క్రూలు నాలుగు కొట్టి వదిలేస్తారు. నేల ప్లైవుడ్ మందం తక్కువ, ప్రై బార్ (పెకలించే ఇనుప కడ్డీ) పెట్టి ఎత్తితే స్క్రూలు చెక్కతో సహా లేచొస్తాయి. నేల ఇటు నుంచి అటు దూరే బోల్టులు కావాలి: 3/8 అంగుళం క్యారేజ్ బోల్టులు నాలుగు, నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి సులువుగా వదులవనివి) నాలుగు, వెడల్పాటి వాషర్లు, నేల కింద వేయడానికి 1/8 అంగుళం మందం ఉన్న ఉక్కు ప్లేటు. బోల్టు గుండ్రటి తల నేల కింద ఉండాలి, నట్టు పెట్టె లోపల ఉండాలి. అప్పుడు కింద పడుకుని పానా పెట్టినా పట్టు దొరకదు. క్యారేజ్ బోల్టు మెడ చదరంగా ఉంటుంది కాబట్టి ప్లేటు రంధ్రాన్ని ఆకురాయితో చదరంగా చేయండి. గుండ్రంగానే వదిలేస్తే నట్టు బిగించేటప్పుడు బోల్టు కూడా తిరుగుతుంది.

డ్రిల్ పట్టుకునే ముందు కిందికి దూరి చూడండి. నేల కింద ప్లాస్టిక్ షీటు, దాని వెనక నీళ్ల ట్యాంకు, వైర్లు, ఫ్రేము వెంబడి ప్రొపేన్ పైపు ఉంటాయి. షీటుని మూడు వైపులా కోసి మడిచి, కళ్లతో చూశాకే 1/8 అంగుళం పైలట్ రంధ్రం (ముందుగా వేసే సన్న రంధ్రం) వేయండి. పని అయ్యాక రంధ్రాల చుట్టూ పాలియురెథేన్ సీలెంట్ పట్టించి, షీటుని అండర్‌బెల్లీ టేపుతో మూసేయండి. లేకపోతే ఎలుకలు, రోడ్డు నీళ్లు లోపలికి వస్తాయి. ఫ్రేముకే బిగించాలనుకుంటే ఐ-బీమ్ పై, కింది అంచుల్లో రంధ్రం పెట్టొద్దు, బలం అంతా అక్కడే ఉంటుంది. క్లాంప్ వాడండి. మొదటి వంద మైళ్ల తర్వాత నట్లు మళ్లీ బిగించాలి, ఎందుకంటే ప్లైవుడ్ నొక్కుకుపోయి వదులవుతుంది.

చోటు విషయంలో మంచం కింద, యాక్సిల్ పైన లేదా కాస్త ముందు మేలు. మరీ వెనక బరువు పెడితే హిచ్ (ట్రెయిలర్‌ని బండికి తగిలించే చోటు) మీద బరువు తగ్గుతుంది. అది ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, తగ్గితే హైవే మీద తోక ఊగుతుంది. వాటర్ హీటర్, ఫర్నేస్ పక్కన పెట్టొద్దు.

తుప్పు గురించి. ప్రొపేన్ పొయ్యి మీద వంట, మనుషుల ఊపిరి, రాత్రి చలి: మూడూ కలిసి చల్లటి ఉక్కు మీద తేమ దిగుతుంది. పెట్టెలో వచ్చే ఫోమ్ ఆ చెమ్మని పట్టి ఉంచుతుంది. తోలు హోల్‌స్టర్ (తుపాకీ ఒర) కూడా అంతే, తుపాకీని అందులోంచి తీసి పెట్టండి. 40 గ్రాముల సిలికా జెల్ డబ్బా ఒకటి వేసి, రంగు మారినప్పుడు 120 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది.

వేట తుపాకీ ఈ పెట్టెలో పట్టదు. బోల్ట్ యాక్షన్ (చేత్తో పిడి లాగి తూటా ఎక్కించే రకం) అయితే తుపాకీలోని ఆ బోల్ట్ ఊడదీసి దీంట్లో పెట్టండి, మిగతాది తాళం వేసిన కేసులో మంచం కింద ఉంచండి. దొంగ పట్టుకెళ్లినా అప్పటికి పేలదు, పిల్లలు తీసినా పేలదు. ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ అనే తుపాకీ భద్రతా కార్యక్రమం వాళ్ల కేబుల్ తాళాలు చాలా పోలీస్ స్టేషన్లలో ఉచితంగా ఇస్తారు. పిస్టల్ అయితే మ్యాగజిన్ (తూటాల డబ్బీ) తీసి, ఛాంబర్ (పేలే ముందు తూటా ఉండే అర) ఖాళీగా ఉందని చూసి, కేబుల్‌ని ఎజెక్షన్ పోర్టులోంచి (పేలిన తూటా గొట్టం బయటికి పడే సందు) దూర్చి మ్యాగజిన్ సందులోంచి బయటికి తీయాలి. ఖాళీ చేసే పని ఇంటి దగ్గరే ముగించండి. ట్రెయిలర్ గోడలు తూటాని ఆపవు, పక్క సైట్‌లో పిల్లలు నిద్రపోతుంటారు.

రాష్ట్రం దాటితే 1986 నాటి ఫైర్ఆర్మ్ ఓనర్స్ ప్రొటెక్షన్ యాక్ట్ ఉంది. బయల్దేరే చోట, చేరే చోట రెండింటిలోనూ మీకు తుపాకీ ఉంచుకునే హక్కు ఉండి, అది ఖాళీగా ఉండి, అదీ తూటాలూ డ్రైవర్ క్యాబిన్ నుంచి అందకుండా ఉంటే దారిలోని రాష్ట్రాల్లో రక్షణ ఇస్తుంది. అది ప్రయాణానికే, మధ్యలో బస చేయడానికి కాదు. మెక్సికో, కెనడా సరిహద్దుల వైపు అసలు తీసుకెళ్లొద్దు. నేషనల్ పార్కుల్లో 2010 ఫిబ్రవరి 22 నుంచి ఆ రాష్ట్ర చట్టమే వర్తిస్తుంది, విజిటర్ సెంటర్ లాంటి ఫెడరల్ భవనాల్లోకి మాత్రం తీసుకెళ్లకూడదు. డాలస్ వాళ్లు ఎక్కువగా వెళ్లే లూయిస్‌విల్, లావన్, గ్రేప్‌వైన్ చెరువులు ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్‌వి. కోర్ నడిపే క్యాంప్‌గ్రౌండ్లలో వేట లాంటి మినహాయింపులు తప్ప లోడ్ చేసిన తుపాకీకి, తూటాలకి డిస్ట్రిక్ట్ కమాండర్ రాతపూర్వక అనుమతి కావాలి. బుక్ చేసేముందే ఫోన్ చేసి అడగండి.

సీజన్ అయిపోయి ట్రెయిలర్‌ని స్టోరేజ్ యార్డులో పెడుతున్నప్పుడు తుపాకీ, తూటాలు ఇంటికి తెచ్చేయండి. అక్కడ దొంగకి తీరిక ఎక్కువ, హిచ్‌కి లాక్ లేకపోతే పెట్టెతో పాటు ట్రెయిలరే పోతుంది. పెట్టె మూత తెరిచే ఉంచండి. ఖాళీ అని చూసినవాడికి తెలుస్తుంది, లోపల చెమ్మ కూడా పట్టదు. సీరియల్ నంబర్ ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి, ఎప్పుడైనా పోతే పోలీసులు మొదట అడిగేది అదే.